కోతుల గుంపులను పోల్చేటప్పుడు మన అంచనా లెక్కల్లోకి చొరబడకుండా ఏం చేయాలి?

కొండగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం శేషాచలం కొండల్లోని బోనెట్ మకాక్ కోతులను ఎంచుకున్నాను. ఘాట్ రోడ్డు వారన యాత్రికులు వేసే అరటిపండ్లకూ బిస్కెట్లకూ అలవాటు పడిన గుంపు ఒకటి, రోడ్డుకు దూరంగా అడవి కాయలూ ఆకులూ పురుగులూ తిని బతికే గుంపు ఇంకొకటి. ఈ రెండింటినీ పోల్చి, మనుషులు పెట్టే తిండి వల్ల కోతుల మధ్య తగవులు పెరుగుతున్నాయా అని చూడాలన్నది ఉద్దేశం. అటవీశాఖ అనుమతికి దరఖాస్తు చేశాం, అది రాగానే పని మొదలవుతుంది.

పథకం చూపించినప్పుడు మా గైడ్ గారు ఒక్క ప్రశ్న వేశారు. "రోడ్డు పక్క గుంపులో కొట్లాటలు ఎక్కువని నువ్వు ముందే నమ్ముతున్నావు. రేపు ఎక్కువగా కనిపిస్తే, అవి ఉన్నందువల్ల కనిపించాయా, నువ్వు నమ్మినందువల్ల కనిపించాయా అన్నది ఎలా తేలుస్తావు?" నా దగ్గర సరైన సమాధానం లేదు. మందుల పరీక్షల్లో ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త మాత్ర ఇచ్చారో డాక్టరుకు కూడా తెలియకుండా చేస్తారు. నేను మాత్రం రోడ్డు పక్కనే నిలబడి చూస్తాను కాబట్టి ఏ గుంపును చూస్తున్నానో తెలియకపోవడమన్నది కుదరదు. ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు కూర్చుని కనిపించిందల్లా నోట్‌బుక్‌లో నిజాయితీగా రాసుకోవాలన్నది ఇప్పటి ఆలోచన. ఇది సరిపోతుందా? సరిపోకపోతే, ఖరీదైన పరికరాలేమీ లేని విద్యార్థి ఏం చేయగలదో పెద్దలు చెప్పగలరు.

రేవుచెట్టు

మీ గైడ్ గారు చాలా ముఖ్యమైన చోట వేలు పెట్టారండి. దీనికి సమాధానం వెతకకుండా ఎన్ని గంటలు కొండ మీద కూర్చున్నా ప్రయోజనం ఉండదు.

హాన్స్ అనే గుర్రం సంగతి మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. 1904 నాటికి బెర్లిన్‌లో ఆ గుర్రం కూడికలూ భిన్నాలూ చేస్తుందని, జవాబును గిట్టతో నేల మీద తట్టి చెబుతుందని పెద్ద పేరు వచ్చింది. యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. చూడడానికి వచ్చినవారి దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు, మోసం చేసే ఉద్దేశం ఆయనకు లేదు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ స్టుంఫ్ నాయకత్వంలో దీన్ని పరిశీలించడానికి వేసిన సంఘానికి కూడా ఎక్కడా కిటుకు కనిపించలేదు. ఆ తర్వాత స్టుంఫ్ శిష్యుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ రెండు మార్పులు చేసి చూశాడు: ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియకుండా చేయడం ఒకటి, అడిగేవారు గుర్రానికి కనిపించకుండా చేయడం రెండోది. రెండు సందర్భాల్లోనూ గుర్రం లెక్క తప్పింది. ప్రశ్న అడిగినవారు గిట్టను చూడడానికి తల కాస్త వంచుతున్నారు, తట్లు సరైన అంకెకు చేరగానే బిగువు సడలి తల రవ్వంత పైకి లేస్తోంది, గుర్రం అక్కడ ఆపేస్తోంది.

ఈ కథను చాలామంది ఇక్కడితో ముగిస్తారు గానీ, మీకు పనికొచ్చేది దీని తర్వాతి భాగం. రహస్యం కనిపెట్టిన ఫుంగ్‌స్ట్ కూడా తన తల కదలికను పూర్తిగా అదుపు చేసుకోలేకపోయాడు. ఆ తర్వాత ప్రయోగశాలలో తానే గుర్రం స్థానంలో కూర్చుని, ఎదుటివారు మనసులో అనుకున్న అంకెను చేత్తో తట్టి చెప్పి చూశాడు. దాదాపు అందరూ తమకు తెలియకుండానే అదే సైగ ఇచ్చారు. అంటే పక్షపాతం ఉందని తెలిసినంత మాత్రాన అది పోదు, నిజాయితీగా ఉంటానని నిశ్చయించుకున్నా పోదు. మీరు నిజాయితీగా రాస్తారని నాకు నమ్మకం ఉంది, కానీ ఇక్కడ ప్రశ్న నిజాయితీది కాదు. మీ అంచనా లోపలికి వచ్చే దారి ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఆ దారిని పద్ధతితో మూసివేయాలి.

మొదటి దారి మాటల్లో ఉంటుంది. 'కొట్లాట', 'కోపం', 'భయం' అని నోట్‌బుక్‌లో రాయకండి, అవి మీ తీర్పులు. శరీరం ఏం చేసిందో రాయండి. ఒక ఉదాహరణ చూడండి: మకాక్ కోతి పెదవులు వెనక్కి లాగి, పళ్ళు బిగించి ఇకిలించినప్పుడు మన కళ్ళకు అది కరవడానికి వస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ జాతుల్లో శబ్దం లేకుండా పళ్ళు చూపడం ఎక్కువగా లొంగుబాటుకు గుర్తు. బెదిరింపు వేరుగా ఉంటుంది: కళ్ళు ఆర్పకుండా సూటిగా చూస్తుంది, నోరు గుండ్రంగా తెరుస్తుంది, కనుబొమల దగ్గరి చర్మం వెనక్కి పోతుంది, ఒక్కోసారి ముందుకు ఒక్క ఉదుటున వంగుతుంది. పిల్లకోతులు ఆడుకునేటప్పుడు కూడా కరుచుకుంటాయి, తరుముకుంటాయి, కింద పడేసి దొర్లుతాయి. నోళ్ళు వదులుగా తెరిచి ఉండడం, తరిమేది, పారిపోయేది మాటిమాటికీ మారిపోవడం దాని ఆనవాళ్ళు. 'కొట్లాటలు ఎక్కువ' అనుకుంటూ వెళ్ళిన మనిషి ఇకిలింపును బెదిరింపుగా, ఆటను తగవుగా రోడ్డు పక్కన ఒక లెక్క, అడవిలో ఒక లెక్క వేస్తాడు. కాబట్టి ప్రతి ప్రవర్తనకూ నిర్వచనం ముందే రాసి పెట్టుకోండి. దీన్నే ఎథోగ్రామ్ అంటాం. 'తరమడం' అంటే ఎంత దూరం పరుగెత్తితే తరమడం, మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెడితే ఒకటా రెండా అన్నది కూడా అందులో ఉండాలి.

రెండో దారి 'కనిపించిందల్లా రాయడం'. కెన్యాలోని అంబోసెలిలో బబూన్‌లను అధ్యయనం చేసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మాకు ఆధారం. కనిపించిందల్లా రాసే పద్ధతిలో పెద్ద మగకోతులు, పెద్ద అరుపులు, హఠాత్తుగా జరిగేవి పుస్తకం నిండా చేరతాయి; మూలన కూర్చుని పేలు చూసుకునే ఆడకోతులు చేరవు. దానికి బదులు ఫోకల్ శాంప్లింగ్ చేయండి: ఆ రోజు ఏ కోతిని చూడాలో పొద్దున్నే చీటీ తీసి, ఆ ఒక్క కోతినే, ఉదాహరణకు పదిహేను నిమిషాలు, అది ఏం చేసినా, ఏమీ చేయకపోయినా రాయండి. పక్కన ఎంత పెద్ద గొడవ జరిగినా చూపు మరల్చకూడదు. ఇది మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. అయితే ఎవరిని చూడాలి, ఎప్పుడు చూడాలి అన్న నిర్ణయం మీ చేతిలోంచి చీటీ చేతిలోకి పోవడమే ఇందులో ఉన్న బలం.

పశువైద్యం

రేవుచెట్టు గారు చెప్పినదానికి మా రంగం నుంచి కొంత చేరుస్తాను. 2014లో బెల్జియంలో పశువైద్య విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనం మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంది. ఎండకు ఒగర్చే పశువుల వీడియోలు చూపించి, ఒగర్పు ఎంత తీవ్రంగా ఉందో మార్కులు వేయమన్నారు. అదే వీడియోను గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చి రెండుసార్లు చూపించి, ఒకసారి వాతావరణం 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని చెప్పారు. పశువు అదే, ఒగర్పు అదే, అయినా ఎక్కువ వేడి అని విన్నప్పుడు మార్కులు పెరిగాయి. కోళ్ళ వీడియోకు 'సేంద్రియ పెంపకం' అని ఒకసారి, 'మామూలు పెంపకం' అని ఒకసారి చెబితే వాటి ప్రవర్తన మీద ఇచ్చిన తీర్పు కూడా అలాగే మారింది. వీళ్ళెవరూ దారినపోయే మనుషులు కాదు, జంతువులను చూడడంలో శిక్షణ పొందుతున్నవారు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. అంచనా మన కంటిలోనే ఆగదు, చేతి ద్వారా జంతువును కూడా చేరుతుంది. 1963లో రోసెంథాల్, ఫోడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒకే రకం ఎలుకలను విద్యార్థులకు పంచి, కొందరికి ఇవి చురుకైన జాతి అని, కొందరికి మందకొడి జాతి అని చెప్పారు. ఆ పేర్లు కేవలం కల్పితం. అయినా 'చురుకైన' ఎలుకలే దారి బాగా నేర్చుకున్నట్టు లెక్కలు వచ్చాయి, ఎందుకంటే తమవి మంచి ఎలుకలని నమ్మినవారు వాటిని ఎక్కువ మృదువుగా పట్టుకున్నారు. అమెరికాలో వాసన పట్టే పోలీసు కుక్కల మీద 2011లో వచ్చిన అధ్యయనం కూడా ఇటువంటిదే: 18 జతల కుక్కలూ హ్యాండ్లర్లూ (కుక్కను నడిపించేవారు) వెతికిన భవనంలో అసలు మాదకద్రవ్యం గానీ పేలుడు పదార్థం గానీ లేదు, కానీ ఎర్ర కాగితం అతికించిన చోట సరుకు ఉందని హ్యాండ్లర్లకు చెప్పారు. కుక్కలు 'పట్టుకున్నాయని' వారు చెప్పిన చోట్లలో ఆ ఎర్ర కాగితాల దగ్గరివే ఎక్కువ.

మీరు కోతులను ముట్టుకోరు గనుక చేతి సమస్య తక్కువే. కానీ రోడ్డు పక్క కోతులకు మనిషి అంటే తిండి సంచి. మీ భుజాన సంచి ఉంటే మీ చుట్టూ చేరి మీ ముందే తన్నుకుంటాయి, ఆ తగవును మీరే పుట్టించినట్టు అవుతుంది. రెండు గుంపుల దగ్గరా ఒకే రకం దుస్తులు వేసుకోండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు, అక్కడ ఏమీ తినకండి, మీ ఉనికిని అవి పట్టించుకోవడం మానేసేదాకా లెక్క మొదలుపెట్టకండి.

ఏ గుంపో తెలియకుండా చూడడం కుదరదని రాశారు, దాన్నే బ్లైండ్ పద్ధతి అంటాం. చూసే దగ్గర కుదరదు, కానీ వీడియోలో ప్రవర్తనలను గుర్తించే దగ్గర కుదురుతుంది. మామూలు ఫోనుతో వీడియో తీయండి. మీ ప్రాజెక్టు ఏమిటో తెలియని స్నేహితురాలికి ఫైళ్ళిచ్చి, పేర్లు తీసేసి అంకెలు పెట్టి కలిపేయమనండి. శబ్దం ఆపేయండి, లేకపోతే లారీ హారన్ ఏ గుంపో చెప్పేస్తుంది. పిట్టగోడ, తారు కనిపించే అంచులను వీలైనంత కత్తిరించండి. అప్పుడు ఇంకొకరు కూర్చుని ఎథోగ్రామ్ ప్రకారం గుర్తించాలి. కెమెరా ఎప్పుడు ఆన్ చేయాలన్నది మాత్రం మీ ఇష్టానికి వదలకూడదు; గొడవ మొదలయ్యాక తీయడం మొదలుపెడితే ఆ తర్వాత ఎంత బ్లైండ్‌గా గుర్తించినా ఉపయోగం లేదు. గడియారం ప్రకారమే తీయాలి.

అడవిబాట

పై ఇద్దరి మాటలతో నాకు చాలావరకు ఏకీభావమే, కానీ ఒక హెచ్చరిక అవసరం అనిపిస్తోంది. శబ్దం తీసేసి, అంచులు కత్తిరించి, ఏ కోతో తెలియని మనిషి చేతికిచ్చిన వీడియోలో చాలా సంగతులు పోతాయి. ఆ ఆడకోతి ఎందుకు తరిమిందో, అంతకు ముందు దాని పిల్లను ఎవరు లాగారో తెలిసినవారికే అర్థమవుతుంది. జేన్ గుడాల్ 1960లో టాంజానియాలోని గోంబే అడవికి వెళ్ళి చింపాంజీలకు పేర్లు పెట్టినప్పుడు అంకెలు వాడాలని విమర్శించినవారు ఉన్నారు. పేర్లు పెట్టినందువల్లే ఆమె ఒక్కొక్కదాని స్వభావాన్ని పట్టుకోగలిగింది. జంతువును దగ్గరగా ఎరిగి ఉండడం పక్షపాతం కాదు.

అయితే ఆ ఎరుకను లెక్కతో కలపకూడదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్‌కర్, ఎన్.వి. జోషి రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగల మీద 1983లో ప్రచురించిన పని చూడండి. మన ఇళ్ళ చూరుల కింద కూడా ఈ కందిరీగ కాగితంలాంటి గూడు కడుతుంది. ఒక్కొక్క ఈగ మీద రంగు చుక్కలు పెట్టి గుర్తుపట్టారు. అంటే వాటిని వ్యక్తులుగానే ఎరిగారు. తర్వాత ప్రతి ఈగా ఏ పనికి ఎంత సమయం ఇస్తోందో కొలిచి, వాటిని వర్గాలుగా విడదీసే పనిని గణితానికి వదిలారు. కూర్చునేవి, పోట్లాడేవి, మేత తెచ్చేవి అని మూడు వర్గాలు తేలాయి. ఇటువంటి కందిరీగల్లో రాణి అంటే అందరి మీదా పెత్తనం చేసే దూకుడు ఈగ అని సాధారణంగా అనుకుంటాం. ఈ జాతి రాణి మాత్రం పోట్లాడేవాటిలో లేదు, కూర్చునేవాటిలో ఉంది. వర్గాలను కంటితో నిర్ణయించి ఉంటే ఈ సంగతి తేలేదని నేను అనుకోను.

మీ అంశానికి నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. గోంబేలో తొలి సంవత్సరాల్లో చింపాంజీలకు అరటిపండ్లు పెట్టేవారు. తర్వాత అక్కడ చింపాంజీలు ఒకదాన్నొకటి చంపడం బయటపడినప్పుడు, ఆ క్రూరత్వం పండ్లు పెట్టినందువల్లే వచ్చిందని కొందరు శాస్త్రజ్ఞులు గట్టిగా వాదించారు. ఆ వాదం నమ్మదగినదిగానే కనిపించేది. 2014లో 18 చింపాంజీ సమూహాల, వాటికి దగ్గరి బంధువులైన బొనోబోల 4 సమూహాల దీర్ఘకాలిక సమాచారాన్ని ఒక్కచోట చేర్చి చూస్తే, హత్యల సంఖ్యకు మనుషుల జోక్యంతో సంబంధం కనిపించలేదు. సమూహంలో మగవాటి సంఖ్యతో, జనసాంద్రతతో సంబంధం కనిపించింది. చింపాంజీకి వర్తించింది కోతికి వర్తించాలని లేదు, తిండి ఒక్కచోట కుప్పగా పడితే తగవులు పెరగడానికి తగిన కారణాలున్నాయి కూడా. కానీ మీ ఊహ ఎంత సహజంగా అనిపించినా, దానికి వ్యతిరేకంగా ఫలితం రావడానికి మీ పద్ధతిలో చోటు ఉండాలి.

అందుకే నా సలహా: రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకదానిలో మీకు తోచిందల్లా, పేర్లతో సహా, స్వేచ్ఛగా రాసుకోండి. అది కొత్త ప్రశ్నలకు పనికొస్తుంది. పోలికకు వాడే అంకెలు మాత్రం ఎథోగ్రామ్ ప్రకారం రాసే రెండో పుస్తకం నుంచే రావాలి.

గణాంకాల బల్ల

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ఇబ్బంది ఒకటుంది. మీ దగ్గర ఉన్నవి రెండే గుంపులు. ఒక్కొక్క గుంపులో ముప్ఫై కోతులను వందల గంటలు చూసినా, 'తిండి పెట్టిన గుంపు' అన్నది ఒక్కటే. ఆ రెండు గుంపుల మధ్య తేడా వయసు వల్లా, మగకోతుల సంఖ్య వల్లా, నీటి వసతి వల్లా కూడా రావచ్చు. ముప్ఫై కోతులను ముప్ఫై స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కవేయడం తప్పని జీవావరణ శాస్త్రజ్ఞుడు హర్ల్‌బర్ట్ 1984లోనే వివరంగా చూపించాడు. మరిన్ని గుంపులు దొరికితే మంచిది. దొరకకపోతే ప్రశ్న మార్చండి: రోడ్డు పక్క గుంపునే తీసుకుని, యాత్రికుల రద్దీ ఎక్కువున్న రోజులనూ తక్కువున్న రోజులనూ, తిండి పడిన వెంటనే గడిచిన నిమిషాలనూ తిండి లేని నిమిషాలనూ పోల్చవచ్చు. అప్పుడు ప్రతి కోతినీ దానితోనే పోలుస్తారు.

ఇద్దరు గుర్తించినవారి మధ్య ఏకాభిప్రాయాన్ని కొలిచేటప్పుడు ఉత్త శాతం చూసి సంతోషపడకండి. నూటికి అయిదు నమూనాల్లోనే దూకుడు ఉంటుందనుకుందాం. ఇద్దరూ వీడియో చూడకుండా, ఆ నిష్పత్తిలో ఇష్టమొచ్చినట్టు గుర్తులు పెట్టినా 90.5 శాతం కలుస్తాయి (0.95 వర్గం, 0.05 వర్గం కూడి చూడండి). యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని తీసేసి చూపే కొలమానాన్ని జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చాడు, దాన్ని కప్పా అంటారు. అదే వాడండి. అయితే మీరూ మీ స్నేహితురాలూ ఇద్దరూ ఒకే ఊహను నమ్మితే కప్పా చాలా బాగా వస్తుంది, పక్షపాతం అలాగే ఉంటుంది. ఇద్దరూ ఒకే వైపు తప్పడాన్ని ఏ కప్పా పట్టుకోలేదు. అందుకే రెండో వ్యక్తికి ఊహ తెలియకూడదు.

ఇదంతా ఎంత తేడా తెస్తుందో చూడడానికి చీమల పరిశోధన మంచి ఉదాహరణ. తమ పుట్ట చీమలను వదిలేసి పరాయి చీమల మీద దాడి చేస్తాయా అన్న అంశంపై వచ్చిన 79 అధ్యయనాలను 2013లో ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశీలించారు. బ్లైండ్‌గా చేసినవి మూడో వంతుకంటే తక్కువ. సొంత పుట్ట చీమల మధ్య కూడా దూకుడు కనిపించిందని బ్లైండ్ అధ్యయనాల్లో 73 శాతం చెప్పాయి, మిగిలినవాటిలో 21 శాతమే చెప్పాయి. సొంతవాటికీ పరాయివాటికీ మధ్య తేడా పరిమాణం బ్లైండ్ కాని అధ్యయనాల్లో రెట్టింపు వచ్చింది. పుస్తకంలో ఉన్న సిద్ధాంతం ఏం చెబుతోందో తెలిసిన కంటికి సొంతవారి మధ్య తగవు కనిపించడం మానేసిందన్నమాట.

కొండగాలి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గైడ్ గారితో మాట్లాడి పథకం ఇలా మార్చాను. రోడ్డు పక్క గుంపులో తిండి పడిన సమయాలనూ పడని సమయాలనూ పోల్చడం ప్రధాన భాగం అవుతుంది. అడవి గుంపును పోలికకు మాత్రమే చూపిస్తాను, దాని మీద తీర్మానం చేయను. చీటీ తీసి ఫోకల్ శాంప్లింగ్, గడియారం ప్రకారం వీడియో, ఊహ తెలియని జూనియర్ ఒకరు గుర్తించడం, ఇవి ఖాయం చేశాను.

ఒక సందేహం మిగిలింది. అడవి గుంపు ఆకుల చాటున సగం సేపు కనిపించదు. రోడ్డు గుంపు పిట్టగోడ మీద బయటే కూర్చుంటుంది. దీన్ని ఎలా సరిచేయాలి?

రేవుచెట్టు

చాలా ముఖ్యమైన సందేహం. 'కనిపించడం లేదు' అన్నదాన్ని కూడా ఎథోగ్రామ్‌లో ఒక అంశంగా పెట్టి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాయండి. తర్వాత సంఘటనలను కూర్చున్న గంటలతో భాగించకుండా, కోతి కనిపించిన గంటలతో భాగించండి. ఉదాహరణకు రెండు చోట్లా పదేసి గంటలు కూర్చున్నారనుకోండి. రోడ్డు గుంపు 9 గంటలు కనిపించి 18 సార్లు తరుముకుంది, అడవి గుంపు 4 గంటలు కనిపించి 8 సార్లు తరుముకుంది. ఉత్త సంఖ్య చూస్తే రెట్టింపు కంటే ఎక్కువ తేడా. కనిపించిన గంటకు లెక్కిస్తే రెండు చోట్లా రెండేసి సార్లే.

దీనితో కూడా పూర్తిగా సరిపోదు. తరుముకునే కోతులు ఆకుల్లోంచి బయటికి వస్తాయి, అరుపులు విని మనం అటు తిరుగుతాం, అందువల్ల అడవిలో ప్రశాంతంగా ఉన్న సమయమే ఎక్కువగా మరుగున పడుతుంది. కాబట్టి అరుపు విని చూసినవాటిని లెక్కలో కలపకుండా, ఫోకల్ కోతి అప్పటికే కళ్ళ ముందు ఉన్నప్పుడు మొదలైన సంఘటనలనే తీసుకోండి. అనుమానం ఉన్నవాటిని వేరే గడిలో ఉంచి, వాటిని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి ఫలితం చూపించండి.

థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు ఎవరికి ఏం తెలుసో దాచకుండా రాయండి: వీడియో తీసిన వ్యక్తికి ఊహా తెలుసు, గుంపూ తెలుసు, గుర్తించిన వ్యక్తికి ఊహ తెలియదు, కానీ కొన్ని వీడియోల్లో గోడ కనిపించి గుంపును గుర్తుపట్టి ఉండవచ్చు. ఇలా ఎన్ని వీడియోల్లో జరిగిందో తెలుసుకోవడానికి, గుర్తించే పని మొత్తం పూర్తయ్యాక ఆ జూనియర్‌ను ప్రతి వీడియోకూ 'ఇది ఏ గుంపు అనుకుంటున్నావు?' అని అడిగి జవాబు రాసుకోండి. సగానికి దగ్గరగా సరిపోతే ఊహించి చెప్పినట్టే, నూటికి తొంభై సరిపోతే మాత్రం మీ బ్లైండ్ పద్ధతి పనిచేయలేదని అర్థం, ఆ మాట కూడా అధ్యాయంలో ఉండాలి. ఎథోగ్రామ్ నిర్వచనాలనూ, ఏ పోలిక ప్రధానమైనదో దాన్నీ తేదీ వేసి, మొదటి వీడియో తీయక ముందే గైడ్ గారి చేతికి ఇచ్చి సంతకం తీసుకోండి.